మెచ్చుకోలుకి ఫ్రేము కట్టారు, జీతం మాత్రం పెంచలేదు

ప్రశ్న

మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 36. మాది పుత్తూరు దగ్గర పల్లె. తిరుపతిలో రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు హోటల్లో 9 ఏళ్లుగా రిసెప్షన్ చూస్తున్నాను. 50 రూములు, 20 మందికి పైగా స్టాఫ్. చేరినప్పుడు జీతం 8,500, ఇప్పుడు 21 వేలు. ఆఖరిసారి పెంచి రెండేళ్లు దాటింది, అదీ వెయ్యి రూపాయలు.

పన్నెండు గంటల డ్యూటీ, వారానికి ఆరు రోజులు. ఒక వారం పగలు, ఒక వారం నైటు. బ్రహ్మోత్సవాలకీ వైకుంఠ ఏకాదశికీ ఇంటికి వెళ్లేది స్నానానికే. దాని గురించి నాకు బాధ లేదు మేడమ్, ఈ పని నాకు ఇష్టం. తమిళం, కన్నడం బాగా వచ్చు, హిందీ నెట్టుకొస్తాను. మొన్నామధ్య రాత్రి రెండున్నరకి సేలం నుంచి ఒక కుటుంబం దిగింది. పెద్దావిడ కాళ్లు వాచిపోయి ఉన్నాయి. వాళ్ల రూము మూడో అంతస్తులో, ఆ రోజు లిఫ్టు పనిచేయడం లేదు. కింద రూము ఖాళీ అవడానికి ఇంకో గంట పడుతుంది. ఆవిడని సోఫాలో కూర్చోబెట్టి, బకెట్లో వేడినీళ్లు తెప్పించి, ఉప్పు వేసి కాళ్లు పెట్టించాను. మిగతావాళ్లకి విష్ణు నివాసంలో టోకెన్లు ఎక్కడిస్తారో, ఆధార్ కార్డులు పట్టుకుని ఎవరెవరు లైన్లో నిలబడాలో చెప్పి పంపించాను. వాళ్లు ఊరెళ్లాక నెట్‌లో నా పేరు పెట్టి మంచి రివ్యూ రాశారు. మా ఓనరు గారు దాన్ని కలర్ ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, రిసెప్షన్ గోడకి తగిలించారు. నేను కూర్చుంటే సరిగ్గా నా తల వెనక ఉంటుంది.

పోయిన ఏడాది పాత మేనేజరు గారు మానేశారు. ఆ పోస్టు నాదేనని అందరూ అన్నారు, ఓనరు గారు కూడా అన్నారు. తీరా చూస్తే ఆయన బావమరిది కొడుకుని తెచ్చి కూర్చోబెట్టారు. 24 ఏళ్ల కుర్రాడు, బెంగళూరులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివాడు. జీతం 35 వేలని అకౌంట్స్ అబ్బాయి చెప్పాడు. అతనికి పని నేర్పించమని నాకే అప్పజెప్పారు. పొద్దున నా దగ్గర అడిగి తెలుసుకున్నదే సాయంత్రం ఓనరు ముందు నాకు చెబుతాడు. పేరు పెట్టి పిలుస్తాడు. కౌంటర్ దగ్గర గెస్టులు చూస్తుండగా "ఇలా కాదు, అలా చెయ్" అంటాడు. హౌస్ కీపింగ్ వాళ్లు నా వైపు చూసి తల దించుకుంటారు.

ధైర్యం చేసి జీతం సంగతి అడిగితే ఓనరు గారు, "నీకేం తక్కువ చేసినామప్పా? నువ్వు మా ఇంటి మడిసివి. అయినా దీన్ని ఉద్యోగం అనుకోకూడదు, సామి భక్తులకు చేసే సేవ. ఆ అదృష్టం ఎంతమందికి వస్తాది?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆరు నెలలుగా నిద్ర లేదు. సెలవు రోజు కూడా ఫోన్ చేసి రూములు సర్దుబాటయ్యాయా అని కనుక్కుంటూ ఉంటాను. మెట్లెక్కితే ఛాతీలో బరువుగా ఉంటోంది. ఒక క్యాంపులో బీపీ చూసి 150/100 అన్నారు. మొన్న ఒక ముసలాయన గీజరు ఎలా వేయాలని రెండోసారి అడిగితే కసురుకున్నాను. ఆ రాత్రంతా సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆవిడ మానేసి రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో చేరమంటోంది. స్వామి భక్తులకి చేసే పనిలో డబ్బు లెక్క చూసుకోవడం తప్పా? నాది అత్యాశా?

పేరు వద్దు, తిరుపతి

సమాధానం

మీరు చివర్లో ఇరికించిన మాటతో మొదలుపెడతాను. మెట్లెక్కితే ఛాతీ బరువెక్కుతోందన్నారు. దాన్ని టెన్షన్ అనీ గ్యాస్ అనీ సోడా తాగి సరిపెట్టుకోకండి. ఈ జవాబు మిగతాది రేపు చదువుకోవచ్చు, డాక్టరు దగ్గరికి మాత్రం ఇవాళే వెళ్లండి. మీ జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమా) కటింగ్ ఉంటే తిరుపతిలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. లేదంటే రుయా ఉంది, స్విమ్స్ ఉంది. ఈసీజీ తీయించుకుని, బీపీ రెండు మూడు వేర్వేరు రోజుల్లో చూపించుకోండి. క్యాంపులో ఒక్కసారి చూసిన అంకెతో మందులు మొదలుపెట్టనూ వద్దు, దాన్ని కొట్టిపారేయనూ వద్దు. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చినా, చేతికి గానీ దవడకి గానీ పాకినా, చెమటలు పట్టినా ఓపీ టైము కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

ఇది నేను భయపెట్టడానికి రాయడం లేదు. పన్నెండు గంటలు, ఆరు రోజులు, అంటే వారానికి 72 గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అంచనా ప్రకటించాయి. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే, 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువట. గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. మీరు 55 ఎప్పుడో దాటేశారు. దాని మీద వారం మార్చి వారం నైటు డ్యూటీ.

ఇక మీరడిగినది. అత్యాశ ఉన్న మనిషి రెండేళ్ల కిందటి వెయ్యి రూపాయలతో ఇన్నాళ్లు ఊరుకోడు.

మీ ఉత్తరం నేను రెండుసార్లు చదివాను. జీతం గురించి నాలుగు ముక్కల్లో తేల్చేశారు. ఆ కుర్రాడి గురించి మాత్రం ఆగకుండా రాసుకుంటూ పోయారు. పేరు పెట్టి పిలిచాడని, గెస్టుల ముందు తప్పుపట్టాడని, హౌస్ కీపింగ్ వాళ్లు తల దించుకున్నారని. మిమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వనిది 21 వేల అంకె ఒక్కటే కాదని మీ అక్షరాలే చెబుతున్నాయి.

యోహాన్నెస్ సీగ్రిస్ట్ అనే సామాజిక శాస్త్రవేత్త జర్మనీలో ఇలాంటి బాధ మీదే చాలా ఏళ్లు పనిచేశాడు. 1996లో ఆయన రాసిన మాట స్థూలంగా ఇది: మనిషిని పని అలసటకన్నా, పెట్టిన శ్రమకీ తిరిగొచ్చిన ప్రతిఫలానికీ మధ్య తేడా ఎక్కువ దెబ్బతీస్తుంది. ప్రతిఫలం అంటే ఆయన లెక్కలో డబ్బొక్కటే కాదు. ఒకటి జీతం, రెండోది మర్యాద, మూడోది రేపటి మీద భరోసా, అంటే పై మెట్టు ఎక్కుతానన్న నమ్మకం, ఉద్యోగం పోదన్న ధీమా. ఈ మూడింట్లో ఒకటి తక్కువైనా మిగతా రెండూ గట్టిగా ఉంటే మనిషి నిలదొక్కుకుంటాడు. మీకు జీతం మొదట్నుంచీ తక్కువే. అయినా తొమ్మిదేళ్లు నవ్వుతూ చేశారంటే, తర్వాతి మేనేజరు నేనే అన్న ఆశ ఒకటి, ఈ కౌంటర్‌కి నేనే పెద్దదిక్కు అన్న గౌరవం ఒకటి మిమ్మల్ని నిలబెట్టాయి. పోయిన ఏడాది ఒకే దెబ్బకి ఆ రెండూ పోయాయి. మీరు నిద్ర లేదంటున్న ఆరు నెలలు ఆ తర్వాతివే చూడండి.

ఈ లెక్కని లండన్‌లో పదివేల మందికి పైగా ప్రభుత్వ ఉద్యోగుల మీద సరిచూశారు. శ్రమ ఎక్కువ, ప్రతిఫలం తక్కువ అయినవాళ్లలో గుండెజబ్బు ఎక్కువగా కనబడింది. అందుకే మీ ఛాతీ బరువునీ, గోడ మీది ఫ్రేమునీ నేను వేర్వేరుగా చూడలేకపోతున్నాను.

ఇంత నష్టం కనబడుతున్నా మనుషులు ఎందుకు కదలరు? దానికీ సీగ్రిస్ట్ మూడు కారణాలు చెప్పాడు. వేరే పని దొరకదన్న భయం. ఇప్పుడు ఓర్చుకుంటే రేపు మంచి పోస్టు వస్తుందన్న లెక్క. మూడోది స్వభావం: పనిని నెత్తికెత్తుకుని దించుకోలేకపోవడం. రెండోది మీ విషయంలో తీరిపోయింది, ఆ పోస్టు ఇంక లేదు. మొదటిది ఎంతవరకు నిజమో తర్వాత చూద్దాం. మూడోది మాత్రం మీ చేతిలోనే ఉంది. సెలవు రోజు ఫోన్ చేసి రూముల సంగతి కనుక్కుంటానన్నారే, అది ఆపండి. అందరికన్నా ముందు నష్టపోయేది మీరు. డ్యూటీ దిగగానే హోటల్ వాట్సాప్ గ్రూపు మ్యూట్ చేయండి. మొదటి వారం చేతులు పీకుతాయి. ఏదో ఒక రూములో ఏదో ఒక గొడవ జరుగుతుంది కూడా. జరగనివ్వండి. దాన్ని సర్దడానికి 35 వేలిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నారు.

ముసలాయన్ని కసురుకున్నానని సిగ్గుపడ్డారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణలో 'బర్నౌట్' అనే స్థితిని వివరించింది. దాన్ని జబ్బుగా కాకుండా, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా రాసింది. లక్షణాలు మూడు: ఒళ్లూ మనసూ పిండేసినట్టుండటం, చేసే పని మీదా ఎదుటి మనుషుల మీదా విసుగు, నా వల్ల ఏమీ కావడం లేదన్న భావన. గీజరు దగ్గర బయటపడింది ఆ రెండోది. మీ మంచితనం ఎక్కడికీ పోలేదు. అది పూర్తిగా అరిగిపోకముందే ఏదో ఒకటి చేయాలనే మీరు ఉత్తరం రాశారు.

ఇప్పుడు ఆ సేవ మాట. నాకు నిజంగా కోపం తెప్పించింది అదే.

తిరుమలలో శ్రీవారి సేవకులు ఉంటారు, మీకు నాకన్నా బాగా తెలుసు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు, క్యూ లైన్లలో మంచినీళ్లిస్తారు, అన్నప్రసాదం వడ్డిస్తారు, వారమో అంతకన్నా తక్కువో ఉండి వెళ్లిపోతారు. ఇంటి దగ్గర వాళ్లకి వాళ్ల బతుకుతెరువు ఉంటుంది. ఎవరూ బలవంతపెట్టరు, వాళ్ల శ్రమ మీద ఎవరూ గది అద్దె వసూలు చేసుకోరు. అది సేవ. మీ హోటల్లో అదే రాత్రి రెండున్నరకి దిగిన సేలం కుటుంబం దగ్గర రూముకి టారిఫ్ తీసుకున్నారు, జీఎస్టీ వేసి బిల్లిచ్చారు. మీరు కాళ్లకి వేడినీళ్లు పెట్టించింది సేవే, ఒప్పుకుంటాను. దాన్ని మీరు ఆ పెద్దావిడకి చేశారు. ఓనరుకి చేసింది ఉద్యోగం. మొదటిదాన్ని చూపించి రెండోదాని కూలి తగ్గించడం ఏ భక్తిలోనూ లేదు.

అయినా లెక్క అడగడం ఈ ఊళ్లో పాపమెట్లా అవుతుంది? పెళ్లికి కుబేరుడి దగ్గర పత్రం రాసి అప్పు తీసుకుని, ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని మనం చెప్పుకునేది ఆ స్వామి గురించే కదా. వడ్డీకాసులవాడి కొండ కింద కూర్చుని జీతం లెక్క అడగడానికి మొహమాటపడకండి.

మీ ఓనరు గారొక్కరే ఇలా అంటున్నారనుకోవద్దు. పని మీద ఇష్టం ఉన్నవాళ్లతో అదనపు పని చేయించుకోవడం, జీతం లేకుండా సెలవుల్లో రమ్మనడం, వాళ్లది కాని పని అప్పజెప్పడం న్యాయమే అనిపిస్తుందట మామూలు మనుషులకి. 'అతనికి అదంటే ఇష్టం, చేయనీ' అనుకుంటారు. 2020లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధనలో తేలిన సంగతి ఇది. మన ఇళ్లల్లో బాగా వండే కోడలికి వంటిల్లు మొత్తం ఒప్పజెప్పేసినట్టే. నర్సులు, టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, గుడి ముందు వాయించే నాదస్వర విద్వాంసులు, అందరికీ ఈ అనుభవం ఉంటుంది. ఇష్టం ఉన్నచోట బేరం ఆడరని అవతలివాళ్లకి తెలుసు.

నేను కొన్నాళ్లు ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేశాను, టేబుల్‌కి అటువైపు కూర్చున్నదాన్ని. అందుకని మీ ఓనరు తరఫున కూడా ఒక మాట. ఆయన దుర్మార్గుడు కాకపోవచ్చు. బిల్డింగు మీద లోను ఉండొచ్చు. బావమరిది కొడుకుని వద్దంటే ఇంట్లో అన్నం పుట్టకపోవచ్చు. ఫ్రేము కట్టించడం కూడా ఆయన దృష్టిలో మీకు చేసిన సన్మానమే. అడగని మనిషికి ఎవరూ పెంచరు, మీరు అడిగినా గుమ్మంలో నిలబడి అడిగుంటారు. "నాకు గుర్తింపు లేదు సార్" అని మొదలుపెడితే ఆయన భుజం తట్టి పంపిస్తారు, దానికి ఖర్చు లేదు. టేబుల్‌కి అటువైపు కూర్చున్నవాళ్లని ఇబ్బంది పెట్టేది కాగితం మీది అంకె ఒక్కటే.

కాబట్టి ఒక నోటుపుస్తకం పెట్టండి. నాలుగు వారాలు రోజూ రాయండి: ఎన్నింటికి ఎక్కారు, ఎన్నింటికి దిగారు, మీ డ్యూటీ కాని పని ఏం చేశారు. కుర్రాడికి నేర్పించిన టైము కూడా రాయండి. భోజనానికి రోజుకో గంట తీసేసినా మీకు వారానికి 66 గంటలు తేలుతుంది. చట్టం ప్రకారం వారానికి 48. అంటే 18 గంటలు అదనం, నెలకి 75 పైనే. అదనపు గంటకి రెట్టింపు జీతం ఇవ్వాలని చట్టంలో ఉంది. ఈ అంకెతో ఆయన మీద కేసు వేయమని నేను చెప్పడం లేదు. 'ఇంటి మడిసి' అనే మాట నెలకి 75 గంటలు తింటోందని ముందు మీకు తెలియాలి. తెలిసినవాడి గొంతు వేరుగా పలుకుతుంది.

అడిగేందుకు శని ఆదివారాలు వద్దు, పండగ రద్దీ అసలే వద్దు. వారం మధ్యలో, మధ్యాహ్నం చెకిన్లు అయ్యాక, కౌంటర్ దగ్గర కాకుండా ఆయన గదిలో. "సార్, పదిహేను నిమిషాలు కావాలి, కూర్చుని మాట్లాడాలి" అనండి. కూర్చోవడం ముఖ్యం, మనవాళ్లు సగం మంది నిలబడే ఓడిపోతారు. మూడు విషయాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఒకటి జీతం: ఎంత కావాలో అంకె మీరే చెప్పండి, "మీ ఇష్టం సార్" అన్నారో అక్కడితో అయిపోయినట్టే. ఊళ్లో మీలాంటి పనికి ఎంతిస్తున్నారో నాలుగు చోట్ల కనుక్కుని, అంకె దాని దగ్గర్లో పెట్టుకోండి. రెండోది గంటలు: తొమ్మిది గంటల షిఫ్టు, లేదంటే అదనపు గంటలకి డబ్బు. ఎవరి కోసమూ వదులుకోనక్కర్లేని వీక్లీ ఆఫ్. నైటు వారాల తర్వాత ఒక రోజు ఖాళీ. మూడోది హోదా: ఆ కుర్రాడు మేనేజరైతే కానివ్వండి, కౌంటర్ మీది నిర్ణయాలు ఎవరివో కాగితం మీద రాసివ్వమనండి. గెస్టుల ముందు ఎవరూ ఎవరినీ తప్పుపట్టకూడదనేది కూడా అప్పుడే చెప్పండి, మెల్లగా, ఒకే ఒక్కసారి.

ఒక జాగ్రత్త. కొందరు యజమానులు జీతం బదులు బిరుదు ఇస్తారు. "ఇవాళ్టి నుంచి నువ్వు గెస్ట్ రిలేషన్స్ మేనేజర్‌వి" అని కొత్త బ్యాడ్జి చేతిలో పెడతారు. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్లకి ఓవర్‌టైమ్ లెక్క వర్తించదని తర్వాత చెబుతారు. బ్యాడ్జి తీసుకోండి, దానితో పాటు వచ్చే అంకె ఏదో చూసి తీసుకోండి. ఇంకోటి, ఈఎస్ఐ పరిమితి 21 వేలు, మీరు సరిగ్గా అంచు మీద ఉన్నారు. జీతం పెరిగి ఆ పరిధి దాటితే వైద్యం సంగతేమిటని అప్పుడే అడగండి. కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ కట్టమనడం న్యాయమైన కోరిక.

ఆయన ఏమంటారో కూడా నేను చెప్పగలను. "సీజన్ పోనీ" అంటారు. తిరుపతిలో సీజన్ పోవడం ఎవరు చూశారు? ఏ నెలలో అని అడిగి ఆ తేదీ మీ కాగితం మీద ఆయన ముందే రాసుకోండి. "బిజినెస్ డల్‌గా ఉంది" అంటే అది నిజమయ్యే అవకాశం కూడా ఉంది. అప్పుడు డబ్బు తగ్గించుకుని గంటలు గట్టిగా పట్టుకోండి, మీ గుండెకి ఇప్పుడు కావాల్సింది అదే. మళ్లీ సేవ అన్నారనుకోండి, "సేవ నేను చేస్తూనే ఉంటాను సార్, నా పిల్లల ఫీజు మాత్రం ఉద్యోగంతో కట్టాలి" అనండి. గొంతు పెంచకుండా.

ఆ కుర్రాడి మీద కోపం పెంచుకోకండి. పోస్టు అతను దొంగిలించలేదు, పెద్దవాళ్లు చేతిలో పెట్టారు. డ్యూటీ గంటల్లో ఏది అడిగినా చెప్పండి, తప్పుదారి పట్టించొద్దు. డ్యూటీ అయ్యాక అతని పని మీరు చేసిపెట్టకండి, అంతే. "సార్ అనక్కర్లేదు, అన్నా అని పిలిస్తే చాలు" అని ఒకసారి విడిగా చెప్పి చూడండి. ఇరవై నాలుగేళ్లవాడికి ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి కదా, బెంగళూరు కాలేజీలో చెప్పరు.

మీ ఆవిడ మాట సంగతి. రోజూ మీ మొహం చూసేది ఆవిడే, ఆవిడ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. రేణిగుంట ఫ్యాక్టరీల్లో షిఫ్టు అంటే షిఫ్టే, గంట కొట్టగానే బయటికి రావచ్చు, ఆ సుఖం చిన్నది కాదు. కానీ నాలుగు భాషల్లో మనుషుల్ని సముదాయించే నేర్పు అసెంబ్లీ లైన్ దగ్గర ఎవరికీ అక్కర్లేదు. ముందు మీ పనిలోనే వేరే చోట చూడండి. తిరుపతిలో పెద్ద హోటళ్లు పెరిగాయి, ఆసుపత్రుల్లో రిసెప్షన్, పేషెంట్ సర్వీసుల పనులు ఉన్నాయి, ట్రావెల్స్ వాళ్లున్నారు. తమిళం, కన్నడం వచ్చిన తెలుగువాడు ఈ ఊళ్లో వాళ్లకి కావాలి. వేరే పని దొరకదన్న భయం నిజమో కాదో బయోడేటా పది చోట్ల ఇస్తేనే తెలుస్తుంది. ఇప్పటిదాకా ఎక్కడా ఇచ్చినట్టు మీ ఉత్తరంలో లేదు. మీ పేరున్న రివ్యూలన్నీ ఫోన్‌లో దాచుకోండి, అవి హోటల్‌వి ఎంతో మీవీ అంతే.

ఓనరుతో మాట్లాడిన రోజు నుంచి మూడు నెలలు గడువు పెట్టుకోండి. ఆ తేదీ ఆయనకి చెప్పక్కర్లేదు, మీ ఆవిడకి చెప్పండి. ఈలోగా నిద్ర పట్టక, కోపం ఆగక మరీ ఇబ్బందిగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడతారు. నైటు డ్యూటీ వాళ్లకి పనికొచ్చే నంబరు.

మానేయడమే ఖాయమైతే ఉత్త చేతులతో రాకండి. యూఏఎన్‌తో, అంటే మీ పీఎఫ్ నంబరుతో, పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి నెలనెలా జమ అయిందో లేదో ఇప్పుడే చూసుకోండి. మీ జీతంలో కోసింది అక్కడ పడకపోతే ఉద్యోగంలో ఉండగా అడగడమే తేలిక. పది మంది గానీ అంతకన్నా ఎక్కువ మంది గానీ పనిచేసే చోట ఐదేళ్లు నిండినవాళ్లు స్వయంగా రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది. చాలామంది ఓనర్లు "రిటైరైతేనే" అంటారు, అది తప్పు. ఆఖరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి 15తో హెచ్చవేస్తే ఒక ఏడాదికి వచ్చేది. బేసిక్ 12 వేలనుకుంటే మీ తొమ్మిదేళ్లకి సుమారు 62,300 రూపాయలు. నెల రోజుల్లో ఇవ్వాలి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఉద్యోగికి అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి, మానేసినవాళ్ల జీతం బాకీ రెండు పనిదినాల్లో తీర్చాలి. మీకు లెటర్ ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే జీతం కోసం కూర్చున్న రోజే అదీ అడగండి. "రికార్డు కోసం సార్" అంటే చాలు. అది కూడా ఇవ్వకపోతే, తొమ్మిదేళ్లు అక్కడ పనిచేశారని చూపడానికి జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ పాస్‌బుక్ సరిపోతాయి, ప్రింటు తీసి ఇంట్లో పెట్టుకోండి. కొత్త చోట ఆఫర్ చేతికొచ్చాకే రాజీనామా కాగితం ఇవ్వండి. దాని కాపీ మీద తేదీ వేయించి సంతకం తీసుకోండి. అప్పటిదాకా కోపంలో కూడా ఆ కౌంటర్ దగ్గర "మానేస్తా" అనే మాట అనకండి.